విదేశీ విలేకరి అవ్వాలంటే మొదలు ఎక్కడ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ కెరీర్ పేజీలో టీవీ విదేశీ విలేకరి ఉద్యోగం గురించి వేశారు కదా, నేను ఇక్కడ వైజాగ్‌లో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను, మర్నాడే మా ఫైనలియర్ అమ్మాయిలిద్దరు ఆ కటింగ్ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చేశారు. ఇంగ్లిష్ బాగా రావాలి, కెమెరా ముందు తడబడకూడదు, ఫలానా కోర్సు చెయ్యాలి అని రాశారు. అవీ కావాలి, కాదనను. కానీ ఆ పని ఎక్కడ నేర్చుకుంటారో ఒక్క ముక్క లేదు, అందుకే రాస్తున్నాను.

బీబీసీ కేట్ ఏడీ సంగతే చూడండి. ఆవిడ మొదలుపెట్టింది డర్హమ్ అనే ఊళ్లో లోకల్ రేడియోలో, అది కూడా టెక్నీషియన్‌గా. 1980లో లండన్‌లో ఇరాన్ ఎంబసీలో బందీలుగా ఉన్నవాళ్లని విడిపించడానికి కమాండోలు దిగినప్పుడు ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్నది ఆవిడే, కారు డోరు చాటున వంగి కూర్చుని రాసుకున్న కాగితం లేకుండా కళ్లముందు జరుగుతున్నది జరుగుతున్నట్టే లైవ్‌లో చెప్పుకుపోయింది. ఆ తర్వాతే లిబియాలో ట్రిపోలీ మీద అమెరికా బాంబులు, 1989లో చైనా తియానన్‌మెన్ స్క్వేర్‌లో నిరసనకారుల మీద సైన్యం కాల్పులు, ఇవన్నీ ఆవిడ అక్కడుండి చెప్పింది. అంత కంగారులో నోరు పెగలడం ఏ కోర్సులోనూ రాదండీ, లోకల్ వార్తల వెంట ఏళ్ల తరబడి తిరిగితే వస్తుంది.

ఇంకోటి, మీరు యాంకర్ల ఫొటోలే వేశారు, కెమెరామాన్ ఊసే లేదు. 1984 అక్టోబర్‌లో ఇథియోపియా కరువుని ప్రపంచానికి చూపించిన రిపోర్టు అనగానే అందరూ బీబీసీ రిపోర్టర్ మైకేల్ బర్క్ పేరు చెప్తారు. కోరెమ్ దగ్గర మైదానంలో తెల్లవారుజాము చలికి గుడ్డలు కప్పుకుని వేలమంది కూర్చున్నారు, పక్కనే అలాంటి గుడ్డల్లోనే చుట్టిన శవాలు, వాటిలో పసిపిల్లలవి కూడా. అది తీసింది మొహమ్మద్ అమీన్, నైరోబీ మనిషి. 1985లో ఆ కరువు బాధితుల కోసం చేసిన లైవ్ ఎయిడ్ కచేరీల దాకా కదిలించింది ఆ దృశ్యాలే. 1991లో అడిస్ అబాబాలో ఆయుధ గోదాము పేలి అమీన్ ఎడమ చెయ్యి పోయింది, కృత్రిమ చెయ్యి పెట్టించుకుని మళ్లీ కెమెరా పట్టాడు, 1996లో హైజాక్ అయిన విమానం కొమొరోస్ దగ్గర సముద్రంలో కూలి చనిపోయాడు. ఈ కెరీర్‌లో ఇది కూడా ఉందని పిల్లలకి చెప్పాలి కదా. అక్కడి భాష తెలిసి, దారి చూపించి, మనుషుల్ని మాట్లాడించే ఫిక్సర్లు కూడా ఉంటారు, వాళ్ల పేర్లు చాలాసార్లు స్క్రీన్ మీదకే రావు, మన దగ్గర పర్మనెంట్ ఉద్యోగం లేకుండా ఊళ్లనుంచి వార్తలు పంపే స్ట్రింగర్ల పరిస్థితి కూడా అంతే.

అసలు బాధ ఇక్కడుంది. 2024 మేలో మన విశాఖ పోలీసులు కంబోడియా రాకెట్ బయటపెట్టారు, డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి కుర్రాళ్లని పట్టుకెళ్లి అక్కడ సైబర్ మోసాలు చేయించారు. నేను చూసిన బులెటిన్లన్నిట్లోనూ ఆ కుర్రాళ్లు ఫోన్లలో తీసి పంపిన వీడియోలే, వాటిమీద స్టూడియోలో చర్చలు. 2022లో ఉక్రెయిన్‌లో మన మెడిసిన్ పిల్లలు బంకర్లలో ఉన్నప్పుడూ నాకు కనిపించింది అదే. గల్ఫ్‌లో లక్షలమంది తెలుగోళ్లు పనిచేస్తున్నారు, కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, లేబర్ క్యాంపుకి వెళ్లి, ఎంబసీ గేటు దగ్గర నిలబడి తెలుగులో అడిగే ఒక్క రిపోర్టర్‌ని పూర్తికాలం పెట్టలేనంత చిన్నవా మన ఛానళ్లు? ఖర్చంటారు, నిజమే, వీసాలూ ఇన్సూరెన్సూ తేలిక కాదు. కానీ ఒకప్పటిలా పెట్టెలకొద్దీ శాటిలైట్ సామాను మొయ్యక్కర్లేదు, ఫోన్ నుంచే లైవ్ ఇచ్చేస్తున్నారు.

పిల్లల్లో సత్తా లేదని మాత్రం అనకండి. 2014లో హుద్‌హుద్ తుఫాను రోజు, 2020లో ఆర్.ఆర్. వెంకటాపురం గ్యాస్ లీక్ తెల్లవారుజామున ఈ ఊరి రిపోర్టర్లు చేసింది చిన్న పనా? మా అమ్మాయిలకి నేనైతే ముందు కేజీహెచ్ ఆసుపత్రికి, ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి మనుషులతో మాట్లాడి రాసుకు రమ్మన్నాను, అరబిక్ గానీ ఫ్రెంచ్ గానీ ఇప్పుడే మొదలుపెట్టమన్నాను. ఈసారి కెరీర్ పేజీలో మన జిల్లాల నుంచి ఫీల్డ్‌లో పనిచేస్తున్న రిపోర్టర్లతో, కెమెరామెన్లతో మాట్లాడి వెయ్యండి, జీతాలెంత, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు అన్నవి కూడా అడగండి. ఛానళ్ల వాళ్లని కూడా ఒక మాట అడగండి, విదేశాల్లో తెలుగు రిపోర్టర్‌ని ఎప్పుడు పెడతారని.

ఇట్లు,
ఒక లెక్చరర్, విశాఖపట్నం