చిలికాలో మమ్మల్ని ఒడ్డుకు చేర్చిన పెద్దాయనకు

ఇంకా చేతులు వణుకుతున్నాయి. రేపు తీరిగ్గా రాద్దామంటే ఈ మాటలు ఇలా రావనిపించి, నిద్రపట్టక ఇప్పుడే కూర్చున్నాను.

మేం ఒడిశాలోని బరంపురం వాళ్లం. అమ్మకు చిలికా సరస్సు మధ్య దీవిలో ఉన్న కాళీజాయి అమ్మవారి మొక్కు ఒకటి ఎన్నాళ్లుగానో ఉండిపోయింది. నిన్న ఇంటిల్లిపాదీ బయల్దేరి, చిలికా ఒడ్డున ఒక రేవులో పడవెక్కాం. పొద్దున వెళ్లేటప్పుడు నీళ్లు కదల్లేదు. దర్శనం చేసుకుని తిరిగొస్తుంటే మధ్యాహ్నం దాటాక దక్షిణపు గాలి లేచింది. చిలికా చాలాచోట్ల నిలువు లోతు కూడా ఉండదు. లోతు తక్కువ కాబట్టే గాలి పడితే అలలు పొట్టిగా, నిటారుగా, ఊపిరి తీసుకోనివ్వకుండా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సరిగ్గా అప్పుడే ఎవరిదో తెగిన నైలాన్ వల ముక్క నీళ్లలో తిరిగే ఇంజన్ ఫ్యానుకు చుట్టుకుని ఇంజన్ ఆగిపోయింది. పడవ అలలకు అడ్డం తిరిగింది. నడిపే కుర్రాడు వల కోయడానికి వెనక్కి వంగితే, ఏమైందో చూద్దామని సగం మంది అటే జరిగారు. ఆ వైపు అంచు నీళ్లకు తగిలింది.

"ఎవులూ లెగొద్దు! కిందన కూకోండి, మద్దిన!"

తెలుగులో ఆ కేక వినగానే నా ప్రాణం లేచొచ్చింది. వలలు చూసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన. గంజాం తీరంలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు జాలర్లు, నోలియా వాళ్లలో ఒకరు. ఆయన మోటారు పడవ మాకు ఆనించకుండా కాస్త దూరంలోనే నిలిపి మోకు విసిరారు. మా పడవ ముక్కుకు కట్టించారు. తన కొడుకును ఇంజన్ దగ్గర వదిలి మా పడవలోకి వచ్చేశారు. తిన్నగా రేవుకు లాగలేదు. ముక్కు అలకు ఎదురుగా ఉంచి, నెమ్మదిగా, ముందు కొండ మరుగుకు తీసుకెళ్లమని కొడుక్కి చేత్తోనే చెబుతూ వచ్చారు.

లైఫ్ జాకెట్లు ఉన్నాయి, ముందు పలక కింద మూట కట్టి. సగం వాటికి బకిళ్లు లేవు. పిల్లల సైజు ఒక్కటీ లేదు. మా పాపకు పెద్దవాళ్ల జాకెట్టే తొడిగాం. ఆయన దాన్ని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశారు. పాప చెవుల దాకా వచ్చేసింది. "నీల్లల్ల పడితే జాకెట్టు తేల్తాది, పిల్ల కిందికి జారిపోతాది" అని నడుముకున్న వలతాడు పళ్లతో కొరికి, పాప కాళ్ల మధ్య నుంచి తీసి, ముందూ వెనకా ముడేశారు. ఆ వేళ్లు పగిలిపోయి ఉన్నాయి. ముడి మాత్రం ఎక్కడా ఒరుసుకోకుండా వేశారు.

తర్వాత అమ్మ పక్కన కూర్చున్నారు, అలల వైపు వీపు పెట్టి. దారంతా నీళ్లు ఆయన వీపుకే కొట్టాయి. అమ్మ పాదాలు చల్లబడిపోయాయని తన తువ్వాలు పిండి తుడిచారు. "నీల్లకేసి సూడకప్పా, నాకేసి సూడు" అంటూ వాళ్ల మనవరాలి పెళ్లి కబుర్లు చెప్పారు. సొంత అక్కకు కూడా ఇంత చేసేవాళ్లు తక్కువ. ఒడ్డున డబ్బులివ్వబోతే ముట్టుకోలేదు. అమ్మ అమ్మవారి ప్రసాదంలో సగం ఇస్తే కళ్లకద్దుకున్నారు. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న నేను అక్కడ భోరుమన్నాను. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

మా ఆయన, తమ్ముడు చివరిదాకా నీళ్లు తోడుతూనే ఉన్నారు.

ఇంత జరిగాక రేవులో చెబుదామని వెళితే, ఒక కిటికీ దగ్గర "అది మా పడవ కాదు" అన్నారు, పక్క కిటికీలో "సోమవారం రండి" అన్నారు. టికెట్ డబ్బులు తీసుకున్నది వాళ్లే. పడవలో ఎవరెవరు ఎక్కారో రాసుకున్న కాగితం ఒక్కటీ లేదు. మేం మునిగిపోయి ఉంటే ఎవరి కోసం వెతికేవారు? నదుల్లో, సరస్సుల్లో తిరిగే పడవలకు 1917 నాటి చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చారు. ఆ చట్టం కూడా మా పడవ పలక కింద మూటలోనే ఉందనుకోవాలా? 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు కూడా ముందు చేరుకున్నది నాటుపడవల్లో వచ్చిన ఊరివాళ్లే. ప్రతిసారీ వాళ్లే రావాలా? చిలికాకు వెళ్లే మనవాళ్లు దయచేసి జాకెట్టు బకిలు పెట్టి చూశాకే పడవెక్కండి. పిల్లల సైజు లేదంటే ఎక్కకండి. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం లోపే పెట్టుకోండి.

ఒడ్డున టీ కొట్టు ఆవిడను మర్చిపోయాను! పిల్లలందరికీ పొడి బట్టలిచ్చింది. మా ఫోన్లు తడిసిపోతే తన ఫోన్ నుంచి 112కు చేసి ఒడియాలో అంతా చెప్పిన కాలేజీ అబ్బాయికి, బరంపురం దాకా సగం డబ్బులకే దింపిన ఆటో ఆయనకు, రాత్రి అమ్మకు బీపీ చూసిన నర్సమ్మకు కూడా దండాలు. ఇంకా పెద్దాయన కొడుకు, అసలు లాగింది అతనే కదా.

మాతో పడవలో వచ్చిన ఛత్రపురం వాళ్లు ఇది చూస్తే, మీ బాబు నీలం చెప్పు ఒకటి మా సంచిలో వచ్చేసింది. అడ్రస్ చెబితే పంపిస్తాం.