రాకెట్టు బీరువా మీద భద్రంగా ఉంది

డెన్వర్,
ఆదివారం రాత్రి

అమ్మా,

నాన్నకు కంటి కట్టు విప్పారని తమ్ముడు చెప్పేదాకా నాకు అన్నం సహించలేదు. చుక్కల మందు వేళకు వేస్తున్నావు కదా? ఈ ఉత్తరం ఆయన చేతికి ఇవ్వకు, నువ్వే చదివి వినిపించు. ఆఫీసు పని ఎప్పటిలాగే ఉంది.

మా అబ్బాయితో కలిసి ఎగిరే బొమ్మ రాకెట్టు చేస్తున్నానంటే మొన్న ఫోనులో "ఇంట్లో తుపాకిమందు పెట్టుకుని పసివాడితో ఆటలా?" అని కోప్పడ్డావు. ఆ దీపావళికి చిచ్చుబుడ్డి పేలి తమ్ముడి అరచెయ్యి కాలిన సంగతి నేను మరిచిపోయానా అమ్మా? మందు మేము కూరేది కాదు. బొటనవేలంత అట్టగొట్టంలో బిగించి అమ్ముతారు, దాన్నే మోటారు అంటారు. ఏ, బి, సి అని అక్షరం మారినకొద్దీ శక్తి రెట్టింపవుతుంది. మేము తెచ్చింది ఏ8-3. సెకను కూడా మండదు. ఆ తర్వాత 3 సెకన్లకు ముక్కు ఊడి ప్యారాచూట్ విచ్చుకుంటుంది. అగ్గిపుల్ల గీసే పనే లేదు. 5 మీటర్ల దూరంలో నిలబడి, తాళంచెవి పెట్టి మీట నొక్కితేనే బ్యాటరీతో అంటుకుంటుంది. ఆ తాళంచెవి నా మెడలో గొలుసుకే ఉంది. ఇంకేం చెప్పను?

అసలు ఇది వాడి కోరిక ఒక్కటే కాదు, నాన్న ఇచ్చిన మాట కూడా. 2023 జులై 14న చంద్రయాన్-3 ఎగిరినప్పుడు మనమందరం చెన్నైలో మన మేడ మీదే ఉన్నాం కదా. మధ్యాహ్నం 2:35. కాళ్ళు కాలుతుంటే నాన్న తడి తువ్వాలు పరిచి వాణ్ణి దాని మీద నిలబెట్టారు. శ్రీహరికోట వైపు నీళ్ళ ట్యాంకు పైన ఆ తెల్లని గీత లేవగానే వాడు "తాతా, మనమూ ఒకటి చేద్దామా?" అన్నాడు. నాన్న "చేద్దాం" అన్నారు. వాడు మరిచిపోలేదు.

బొమ్మ రాకెట్లు చేసే ఎస్టెస్ కంపెనీ వాళ్ళ ఆల్ఫా కిట్టు తెచ్చాను. మొత్తం అడుగు పొడవు ఉంటుంది: అట్టగొట్టం, ప్లాస్టిక్ ముక్కు, బాల్సా అనే తేలికైన చెక్కతో మూడు రెక్కలు. వాడు ఒక రెక్క మీద మోచెయ్యి ఆనించి విరిచాడు. విడిగా బాల్సా చెక్క తెచ్చి నేనే కోశాను, అదీ పుటుక్కున విరిగింది. అప్పుడు గుర్తొచ్చింది, నాన్న ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీ నుంచి వచ్చాక మన స్టూలు కాలు చెక్కుతూ "నార ఎటు పోతోందో చూడకుండా రంపం పెట్టకు" అనేవారు. రెక్క ముందంచు వెంట నార సాగేలా మళ్ళీ కోశాను. గట్టిగా ఉంది. నాన్నకు ఇది తప్పకుండా చెప్పు.

వాడు నిద్రపోయాక ఉప్పుకాగితంతో ఆ రెక్కలు రుద్దుతూ కూర్చుంటాను. ఆ చప్పుడు వింటుంటే మన పెరంబూరు ఇంటి వసారాలో ఉన్నట్టుంటుంది. ఆపరేషన్‌కు రాలేకపోయాను. సెలవు దొరకలేదన్నది నిజమే, అయినా రావలసింది.

అత్తయ్య పంపిన గోంగూర పచ్చడి అయిపోవచ్చింది. ఇంకా పంపవద్దని చెప్పు, తపాలా ఖర్చే ఎక్కువ.

రెక్కలకు గీతలు నిటారుగా రావడానికి గొట్టాన్ని తలుపు చట్రం మూలకు ఆనించి పెన్సిలుతో గీశాం. పాత రైలు పెట్టెల నీలం రంగు వేశాం, అది వాడి పట్టుదల. నిన్న మోటారు పెట్టి, బరువు సమంగా తూగే చోట దారం కట్టి, పెరట్లో తల చుట్టూ తిప్పాను. ముక్కు ముందుకే ఉంది, తోక ఊగలేదు. అలా ఉంటేనే గాలిలో తిరగబడకుండా తిన్నగా పోతుంది. ప్యారాచూట్ అతుక్కోకుండా పౌడరు కూడా చల్లాడు, నువ్వు వాడికి పంపిన డబ్బాలోదే.

ఈ వారమే మైదానానికి పోదామంటే వాడు ఒప్పుకోవడం లేదు. తాతయ్య చూడందే ఎగరేయడట. మోటారు విడిగా తీసి పెట్టాను, రాకెట్టు మాత్రం బీరువా మీద ఉంది. నాన్నను ఎప్పటినుంచి ఫోను చూడనిస్తారో డాక్టరును అడిగి రాయి. వాడు క్యాలెండరు పట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు.

మీ
పెద్దమ్మాయి