వర్సిటీల ఏఐ ప్రచారంలో జనం ప్రేక్షకులేనా?

సంపాదకుడు గారికి,

‘ప్రజల చెంతకు కృత్రిమ మేధ’ అంటూ విశ్వవిద్యాలయం జరిపిన కార్యక్రమం గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చింది. రిబ్బన్ కత్తిరింపు, రోబోతో కరచాలనం, అతిథుల ప్రసంగాలు అన్నీ రాశారు. వచ్చిన జనం తమ సమస్య ఒక్కటైనా చెప్పుకోగలిగారా లేదా అన్నది మాత్రం వార్త మొత్తం వెతికినా కనబడలేదు.

ఆకు ఫొటో చూపిస్తే తెగులు పేరు చెప్పే యాప్ 99 శాతం కచ్చితంగా పనిచేస్తుందని రాశారు. ఏ ఫొటోల మీద పరీక్షిస్తే ఆ అంకె వచ్చిందో విలేకరి అడగాల్సింది. మొహంతి, హ్యూస్, సలాథే 2016లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ప్లాంట్‌విలేజ్ అనే ఆకుల ఫొటోల సేకరణలోని 54 వేల పైచిలుకు ఫొటోలతో వాళ్లు తయారుచేసిన మోడల్, అంటే ఉదాహరణలు చూపించి శిక్షణ ఇచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాం, అదే సేకరణలోంచి పక్కన పెట్టిన ఫొటోల మీద 99.35 శాతం సరిగ్గా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసినవి ఇచ్చేసరికి 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఆ సంగతి వాళ్లు దాచకుండా తమ వ్యాసంలోనే రాశారు. మన ప్రదర్శనల్లో మొదటి అంకె ఒక్కటే బ్యానర్ ఎక్కుతుంది.

కారణం అంతుపట్టనిదేమీ కాదు. ఆ సేకరణలో ఆకును తెంపి, ఒకే రంగు నేపథ్యం మీద పరిచి ఫొటో తీశారు. పొలంలో ఆకు మీద నీడ పడుతుంది, మట్టి అంటుతుంది, పక్క ఆకు అడ్డొస్తుంది, ఒకే ఆకుకు రెండు తెగుళ్లూ ఉండొచ్చు. కాబట్టి పొద్దున, మిట్టమధ్యాహ్నం, మబ్బు పట్టినప్పుడు, రకరకాల ఫోన్లతో పొలంలోనే ఫొటోలు తీయాలి. ప్రతి ఫొటోకీ ఇద్దరు ఒకరిదొకరు చూడకుండా తెగులు పేరు రాయాలి. పొంతన కుదరనివి మూడో నిపుణుడు తేల్చాలి. పరీక్షకు పెట్టే ఫొటోలు శిక్షణలో అసలు లేని పొలాలవే కావాలి. ఒకే మొక్క ఫొటోలు పదింటిలో ఎనిమిది శిక్షణకు, రెండు పరీక్షకు వేశారంటే మోడల్ గుర్తుపట్టేది ఆ మొక్కనూ దాని వెనకున్న నేలనూ. అంకె ఘనంగానే వస్తుంది, తెగులు మాత్రం దొరకదు.

మాటను గుర్తించే మోడళ్లదీ ఇదే గతి. క్యాంపస్‌లోని కుర్రాళ్ల గొంతులతో శిక్షణ ఇచ్చి, వాళ్ల గొంతులతోనే పరీక్షిస్తే ముసలివాళ్ల మాట, మాండలికం దానికి ఎక్కడ అర్థమవుతాయి? ఒక మనిషి గొంతు శిక్షణలోనైనా ఉండాలి, పరీక్షలోనైనా ఉండాలి, రెండింట్లో ఉండకూడదు. మెసేజింగ్ యాప్‌లో పంపిన వాయిస్ నోట్లు పోగేయడం ఇంకో తప్పు. ఆ యాప్ ఫైలును కుదించడంలో ధ్వని వివరాలు కొంత పోతాయి. కుదించని వేవ్ ఫైలుగా (16 కిలోహెర్ట్జ్, 16 బిట్) నేరుగా రికార్డు చేయించడం పెద్ద పనేమీ కాదు.

జనం గొంతులు, ఫొటోలు తీసుకునేటప్పుడు సంతకం పెట్టించే అనుమతి పత్రాల సంగతి చూస్తే ఒళ్లు మండుతుంది. చిన్న అక్షరాల్లో నాలుగు పేజీలు ఇచ్చి సంతకం పెట్టమంటారు. ఏం తీసుకుంటున్నారు, ఎక్కడ దాస్తారు, ఎవరికిస్తారు, వద్దనుకుంటే ఎవరికి చెప్పాలి అనేవి ఒక్క పేజీలో రాసి, చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి. శిక్షణ అయిపోయాక ఒక మనిషి డేటా ప్రభావాన్ని మోడల్‌లోంచి పూర్తిగా తీసేయడం చాలా కష్టమని కూడా ముందే చెప్పాలి. చెబితే జనం ఇవ్వరేమోనన్న భయం ఎందుకు?

నిధులు అయిపోగానే యాప్ తయారుచేసిన విద్యార్థి డిగ్రీ తీసుకుని వెళ్లిపోతాడు, సర్వర్ అద్దె కట్టేవాడుండడు, యాప్ తెరుచుకోదు. ఒప్పంద పత్రాలు పట్టుకుని ఫొటో దిగిన అధికారులు అప్పటికి మరో వేదిక మీద ఉంటారు. అధ్యాపకుల పదోన్నతికి వ్యాసాలు లెక్కపెట్టే వ్యవస్థ, ఒక ఊరికి పనికొచ్చే పరికరాన్ని అయిదేళ్లు నడిపినవాణ్ణి పట్టించుకోదు.

మనసుంటే చేయలేనిదేమీ లేదు. 1970ల్లోనే నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయాలు ‘సైన్స్ షాపులు’ తెరిచి, డబ్బు పెట్టి పరిశోధన చేయించుకోలేని పౌర సంఘాల ప్రశ్నలను తీసుకున్నాయి. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం 2018లో రియాక్టర్ అనే టెక్నాలజీ సంస్థతో కలిసి ‘ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ’ కోర్సును ఎవరైనా ఉచితంగా ఆన్‌లైన్‌లో చదువుకునేలా పెట్టింది. దానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు మోడల్‌ను ఎవరి డేటా మీద పరీక్షించారు, తప్పు చెప్పినప్పుడు జనం ఎవరిని అడగాలి, రెండేళ్ల తర్వాత దాన్ని నడిపేదెవరు అని అడిగి, వాళ్లిచ్చిన జవాబులు కూడా అచ్చు వేయండి.

- ఒక పాఠకుడు