పాత ఇంజన్ల హెడ్డు పని ఒప్పుకునే పద్ధతి మార్చుకున్నాము

కడపలోని మా షెడ్డులో బండ్లు చేయించుకుంటున్న వారందరికీ నమస్కారం. రెండు లక్షల కిలోమీటర్లు దాటిన మారుతి 800లు, ఎస్టీములు తెచ్చి, హెడ్డు (వాల్వులు ఉండే ఇంజన్ పైభాగం) ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి గట్టి వాల్వు స్ప్రింగులు, వాల్వులను మరింత ఎత్తు తెరిచే, అంటే ఎక్కువ లిఫ్టు ఉన్న కామ్‌షాఫ్టు కూడా వేసేయమని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన సామాను సంచిలో పెట్టుకుని వచ్చేవారూ ఉన్నారు. ఇకమీదట సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష చేసి, హెడ్డు కొలతలు తీసిన తర్వాతే అలాంటి పని ఒప్పుకుంటాము. కొన్ని బేరాలు చేజారిపోతాయని తెలిసే ఈ మాట రాస్తున్నాము.

ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు కామ్‌షాఫ్టు 1500 చుట్లు తిరుగుతుంది. అంటే ప్రతి వాల్వూ సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. వేగం ఇంకా బాగా పెరిగి, స్ప్రింగు వాల్వును సమయానికి వెనక్కి లాగలేని స్థితి వచ్చినప్పుడే గట్టి స్ప్రింగు పనికి వస్తుంది. కుటుంబంతో తిరుపతికి వెళ్లివచ్చే బండి ఆ వేగం దరిదాపులకు పోదు. కానీ ఆ స్ప్రింగు మాత్రం బండి నిదానంగా నడుస్తున్నంతసేపూ, ఇప్పటికే అరిగి ఉన్న కామ్ ముక్కు మీద, ఆ కదలికను వాల్వుకు అందించే రాకర్ ఆర్మ్ మీద అదనపు ఒత్తిడి వేస్తూనే ఉంటుంది. పాత స్ప్రింగు మార్చవద్దని మా ఉద్దేశం కాదు. విప్పి నిడివి కొలిచినప్పుడు కంపెనీ ఇచ్చిన హద్దు కన్నా కుంగి ఉంటే, అదే బిగువు ఉన్న కొత్త స్ప్రింగు వేస్తాము.

డబ్బు పెట్టదగిన చోట్లు వేరే ఉన్నాయి. గువ్వలచెరువు ఘాటులో యాక్సిలరేటర్ వదిలి, గేరులోనే కిందికి దిగి, మళ్లీ తొక్కగానే వెనుక నీలి పొగ గుప్పుమని ఆగిపోతే, ముందుగా అనుమానించవలసినవి వాల్వు కాడ దగ్గర ఆయిల్‌ను ఆపే సీళ్లు, ఆ కాడ కదిలే గొట్టాలైన గైడ్లు. దిగుతున్నంతసేపూ థ్రాటిల్ మూసుకుని ఉండడం వల్ల లోపలి పీల్పు పెరిగి, వాల్వు కాడ వెంబడి ఆయిల్ కిందికి జారుతుంది. చదును రోడ్డు మీద లోడుతో లాగుతున్నంతసేపూ పొగ వస్తూనే ఉంటే పిస్టన్ రింగులను చూడాలి. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిపోయిన మామూలు రబ్బరు సీళ్ల స్థానంలో వేడికి బాగా తట్టుకునే వైటాన్ రబ్బరు సీళ్లు వేయడం మా లెక్కలో నిజమైన అప్‌గ్రేడ్, ఖర్చు కూడా తక్కువే. అయితే గైడు అరిగి వాల్వు కాడ ఊగుతుంటే ఎంత మంచి సీలైనా నిలవదు. అందుకే డయల్ గేజి పెట్టి ఆ ఊగుడు చూడకుండా సీళ్లు ఒక్కటే మార్చము. గ్యాసు కిట్టు ఉన్న బండ్లకు వాల్వు మూసుకున్నప్పుడు ఆనుకునే వాల్వు సీట్లు గట్టిరకం వేయించుకోవడం మేలు.

టాపెట్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు దగ్గర వచ్చే) శబ్దం పూర్తిగా పోవాలని పట్టుబట్టేవారికి ఒక మనవి. కాస్త చప్పుడు చేసే టాపెట్ కన్నా చప్పుడే లేని టాపెట్ ప్రమాదకరం. కాలిన పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనుకుని ఉన్నప్పుడే హెడ్డుకు వదులుతుంది. టాపెట్ సందు మరీ బిగిస్తే, వేడెక్కినప్పుడు ఆ వాల్వు పూర్తిగా మూసుకోక, మంట పక్కనుంచి దూసుకుపోయి, అంచు ఎలుక కొరికినట్టు అవుతుంది. బయటికి మాత్రం ఇంజన్ ఎంతో సాఫీగా ఉన్నట్టే వినిపిస్తుంది.

కంప్రెషన్ తక్కువగా ఉన్న సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తాము. అంకె బాగా పెరిగితే రింగులు, పెద్దగా కదలకపోతే వాల్వులు కారణమని అంచనాకు వస్తాము. రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయిన ఇంజన్‌కు హెడ్డు ఒక్కటే బాగు చేయిస్తే ఆయిల్ తాగుడు అలాగే ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువవుతుంది కూడా. అలాంటి బండికి హెడ్డు ఒక్కటే చేసి బిల్లు తీసుకోవడం మాకు ఇష్టం లేదు. పని మొత్తం చేయించాలా, బండి అమ్ముకోవాలా అన్నది యజమాని ఇష్టం.

పరీక్షకు విడిగా చార్జీ ఉంటుంది. పని మా దగ్గరే చేయిస్తే అది బిల్లులో తగ్గిస్తాము. హెడ్డు లేతు షాపుకు పోయి రావాలి కాబట్టి మునుపటి కన్నా రోజులు ఎక్కువ పడతాయి. విప్పిన పాత సామాను మీకే ఇచ్చేస్తాము. మీరు తెచ్చిన సామాను కొలతకు సరిపోతే బిగిస్తాము గానీ, దానికి గ్యారంటీ ఇవ్వలేము. ఈ ఇంజన్ల టాపెట్లు చల్లబడిన తర్వాతే సెట్ చేస్తాము కనుక, ఆ పనికి వచ్చేవారు ముందు రోజు సాయంత్రమే బండి వదిలి వెళ్లగలరు.