ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి

మా పాప నెలలు నిండకుండానే పుట్టింది, బరువు 1 కేజీ 700 గ్రాములు, మా ఆవిడకి ఆపరేషన్ అయి బీపీ కంట్రోల్ కాక వేరే వార్డులో ఉంది. మూడో రోజు రాత్రి నేను పిల్లల యూనిట్ బయట నిలబడి అద్దంలోంచి చూస్తుంటే మీరే లోపలికి పిలిచారు సిస్టర్. చేతులు మోచేతుల దాకా కడుక్కోమని, షర్టు గుండీలు విప్పమని, డైపర్, టోపీ, సాక్సులతో ఉన్న పాపని తిన్నగా నా గుండె మీద పడుకోబెట్టి, కట్టడానికి గుడ్డ దొరక్కపోతే మీ బ్యాగులోంచి ఉతికిన చున్నీ తీసి కట్టారు. తల ఓ పక్కకి తిప్పి, "మెడ వంగకుండా చూసుకో తమ్ముడూ, తల్లి రాలేకపోతే తండ్రి ఒంటి వేడి కూడా సరిపోద్ది" అన్నారు.

ఇలా గుండెకి ఆనించి వెచ్చగా ఉంచడాన్ని కంగారూ కేర్ అంటారని, ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలో మొదలెట్టారని తర్వాత చదివా, ఇప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఇలాంటి పిల్లలకి రోజుకి 8 గంటలైనా చెయ్యమంటోంది. ఆ రాత్రి నాకవేం తెలీదు, చల్లగా ఉన్న ఆ చిన్న పాదాలు కాసేపటికి వెచ్చబడటం ఒక్కటే తెలిసింది. మీరు రెండు గంటలకోసారి వచ్చి, వాళ్లమ్మ పిండి పంపిన పాలు ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పట్టారు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

డిశ్చార్జ్ రోజు మీరు డ్యూటీలో లేరు, చెప్పలేకపోయా. పాపకి మొన్న తొమ్మిదో నెల టీకా కూడా వేయించాం సిస్టర్, 7 కేజీలు దాటింది. మీ చున్నీ మా దగ్గరే ఉండిపోయింది, అది కప్పితేనే నిద్రపోతోంది.