ఈ ఆదివారం స్టేసీ కెంట్

అందరికీ నమస్కారం. ఈ వారం బ్రెజిల్ పాటలు విందాం. పాడింది మాత్రం అమెరికా ఆవిడ, స్టేసీ కెంట్. పుట్టింది న్యూజెర్సీలో. బోసా నోవా అనే బ్రెజిల్ సంగీతం మీద ఇష్టంతో మిడిల్‌బరీ కాలేజీలో పోర్చుగీసు నేర్చుకున్నారు. అక్కడ కోర్సు అయ్యేదాకా ఆ భాష తప్ప ఇంకోటి మాట్లాడనని సంతకం పెట్టాలట, మనవల్ల అయ్యే పనేనా!

2013 నాటి 'ద చేంజింగ్ లైట్స్' ఆల్బమ్‌లో ముందు 'ఓ బార్కిన్యో' వినండి. అంటే చిన్న పడవ. సముద్రంలో పడవ ఇంజిన్ ఆగిపోతే, దాన్ని స్టార్ట్ చేస్తున్నప్పటి టకటకలోంచే ఈ వరస పుట్టిందని స్వరకర్త మెనెస్కాల్ చెబుతుంటారు. స్టేసీ గొంతు పెంచరు, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.