అప్పీల్ వేస్తే కేసు కొట్టేసినట్టు కాదు

ఎడిటర్ గారికి,

పోయిన వారం జిల్లా పేజీలో తల్లిని బెదిరించిన కేసులో కొడుక్కి ఊరట అని ఐదు లైన్లు వేశారు. అప్పట్నుంచి మా వీధిలో ఆ తల్లిని కేసు కొట్టేశారంట కదా అని అడగనివాళ్ళు లేరు. కొట్టేయలేదండీ. మేజిస్ట్రేట్ వేసిన శిక్ష అలాగే ఉంది, సెషన్స్ కోర్టులో అప్పీల్ తేలేదాకా జైలుకి పంపకుండా ఆపారు, అంతే. ఒకప్పుడు విలేకరులు ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ గారినో లాయర్లనో కనుక్కుని రాసేవాళ్ళు, ఇప్పుడు వాట్సాప్‌లో ఏదొస్తే అది అచ్చేస్తున్నారు, మనుషుల పరువు ప్రాణం ఏమైపోయినా పర్లేదా?

అప్పీల్ వేసుకోవద్దని నేననట్లేదు, అది అతని హక్కు. 30 రోజుల గడువుంటుంది, తీర్పు కాపీ ముద్దాయికి ఫ్రీగా ఇవ్వాలి. కోపంలో అన్న ప్రతి మాటా నేరం కాదు, భయపెట్టాలనే ఉద్దేశం ఉండాలి అని 2015లో మాణిక్ తనేజా కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, పై కోర్టు అవన్నీ చూడాల్సిందే. కానీ ఇక్కడ నోరు జారడం కాదు కదా, ఇల్లు రాసివ్వకపోతే తగలబెడతానని అర్ధరాత్రి గ్యాస్ బండ మోసుకొచ్చి ఆవిడ మంచం పక్కన పెట్టాడు. ఇప్పటికీ ఆవిడ పడుకునేది ఆ గదిలోనే.

శిక్ష మూడేళ్ళు దాటకపోతే, బెయిల్ మీదున్న మనిషిని అప్పీల్ వేసుకోడానికని ప్రత్యేక కారణాలుంటే తప్ప శిక్ష వేసిన కోర్టే వదలాలి. అలా తీర్పు రోజు సాయంత్రానికే ఇంటికొచ్చేశాడు, బండి చప్పుడు విని ఆవిడ లోపల గడియ పెట్టుకుంది. వదిలేశారమ్మా జాగ్రత్త అని చెప్పిన నాథుడు లేడు. పై కోర్టులోనూ అంతే, ఉరి, యావజ్జీవం, పదేళ్ళకి తగ్గని శిక్షపడే నేరాలైతేనే వదిలేముందు ప్రాసిక్యూటర్‌కి చెప్పుకునే అవకాశం ఇవ్వాలంట, ఇలాంటి కేసుల్లో అదీ లేదు, ఇంక తల్లిని ఎవరడుగుతారు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలన్నారు, బెదిరింపు నేరానికి పాత సెక్షన్ 506 పోయి కొత్త సెక్షన్ 351 వచ్చింది, ఈ సంగతి మాత్రం ఎక్కడిదక్కడే.

స్టేషన్‌కి వెళ్తే కోర్టులో ఉంది మాకు సంబంధం లేదంటారు, కోర్టులో పోలీసుల్నడగమంటారు. 2007 వృద్ధుల చట్టం కింద ఖర్చులకి పెట్టుకున్న అర్జీ నోటీసిచ్చాక 90 రోజుల్లో తేల్చాలి, అది ఏ టేబుల్ మీదుందో ఆఫీసులో ఒక్కరూ చెప్పరు. సార్ మీటింగ్‌లో ఉన్నారు, రేపు రండి. పెద్దావిడ ఎన్ని రేపులు తిరగాలి?

దయచేసి ఆ వార్త సరిచేసి, ముందు వేసిన చోటే వేయండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయర్ని ఇస్తుందని, న్యాయ సేవల వాళ్ళ నంబరు 15100 అని కూడా కిందే వేయండి. ఆవిడకి ఆ నంబరు చెప్పింది ఏ ఆఫీసరూ కాదు, కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపబ్బాయి.

మీ పాఠకురాలు